గేటు పడినాకే నంబరు

నాకు రైలంటే భయం లేదు. ఫోనంటే భయం.

మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు చూసే పని. గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక కంభం, గిద్దలూరు మధ్య ఒక రైలు గేటు దగ్గర నాకు ఉద్యోగం ఇచ్చారు. చెప్పడానికి పని చిన్నదే. బండి బయలుదేరబోతోందని స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. నేను గేటు దించి, తాళం వేసి, మాకిచ్చిన పుస్తకంలోని నంబరు చదివి చెప్పాలి. ఆ నంబరు వింటేగాని వాళ్ళు బండిని వదలరు. అంకెలు నాకు వచ్చు. అక్షరాలే కూడబలుక్కోవాలి.

పని చిన్నదే గానీ అవతలి స్టేషన్ మాస్టరు గొంతు పెద్దది. "ఏమ్మా, ఇంతసేపా?" అని కసిరితే నా నోట్లో తడి ఆరిపోయేది. ఏం పొరపాటు చేస్తానో, ఎవరి ప్రాణం నా మెడకు చుట్టుకుంటుందో అని పొద్దున్నే భయం పట్టుకునేది. ముద్ద దిగేది కాదు. పక్కింట్లో సెల్లు మోగినా ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు మంచం దిగకుండానే, ఇక డ్యూటీకి పోనని మా అత్తతో చెప్పేశాను.

ఆమె వక్క కొరుకుతూ అంది: "భయం పోయినాక పోతానంటే నువ్వీ జన్మలో పోవు. అది గూడా నీ ఎంట వస్తాదంటే రానీ. నీ డబ్బాలో దానికి మాత్రం ముద్ద పెట్టబాక."

నవ్వొచ్చింది. లేచి వెళ్ళాను. ఆ తర్వాత రోజూ భయాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాను. ఫోను మోగితే ఒక గుక్క నీళ్ళు తాగి ఎత్తేదాన్ని.

ఒక పొద్దున అర్ధవీడు వైపు నుంచి మంద ఒకటి వచ్చింది. సగం గొర్రెలు పట్టాలు దాటాయి, సగం ఇంకా పట్టాల మీదే ఉన్నాయి. అప్పుడే ఫోను.

"గేటు వేసినావా? నంబరు చెప్పు."

"ఇంకా లేదు సార్. పట్టాల మీద గొర్రెలుండాయి."

"నీ గొర్రెల కోసం బండి ఆపాలా? ముందు నంబరు చెప్పి, తర్వాత గేటు దించుకో."

నంబరు చెప్పేస్తే తిట్లు తప్పేవి. కిటికీలోంచి చూస్తే పట్టాల నిండా గొర్రెల వీపులే.

"చెప్పను సార్. గేటు పడినాకే నంబరు."

ఆ మాట అన్నది నేనేనా అనిపించింది. ఫోను పెట్టేసి బయటికి ఉరికాను.

"బిరీన తోలు మామా, బండుంది!" అని మంద కాసే ముసలాయన మీద అరిచాను.

"ఏందమ్మీ, నీ రైలన్నా చెప్తే ఆగుతాదేమో గానీ నా గొర్రె ఆగదు, ఉరకదు" అన్నాడాయన.

వెనక మోటారు సైకిల్ మీదున్నతను హారన్ కొట్టాడు. "అక్కా, రైలునన్నా పోనీ, మమ్మల్నన్నా పోనీ!"

"నోరు మూసుకోని దిగు. నువ్వు గూడా అదిలించు."

దిగాడు. పుట్టింట్లో నేనూ గొర్రెలు కాచినదాన్నే. కొంగు బిగించి, కంకరలో నిలబడిపోయిన రెండు పిల్లల్ని చంకన పెట్టుకుని అవతలికి పరిగెత్తాను. తల్లులు అరుచుకుంటూ వెంటపడ్డాయి, వాటి వెనక మిగతా మంద. గేటు దించాను, తాళం వేశాను, నంబరు చదివాను. ఒక్క అంకె తప్పలేదు.

కాసేపటికి బండి వచ్చింది. పచ్చ జెండా పట్టుకుని నిలబడ్డాను. పెట్టెల నిండా జనం. వాళ్ళలో ఎవరికీ నేను తెలియదు. నేను సరేనంటేనే వాళ్ళు కదిలారు.

మళ్ళీ ఫోను. తిట్లకు సిద్ధపడే ఎత్తాను.

"మంద మొత్తం దాటిందా అమ్మా?"

"దాటింది సార్."

"సరే. రేపు నేను తొందరపెట్టినా ఇట్లే చెప్పు."

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె వక్క ఉమ్మేసి లేచింది. వీధిలోకి పోయి నిలబడింది. "ఇనండ్రా! నా కొడుకు బతికినన్నాళ్ళు రైలొస్తే పక్కకు జరిగినోడే. నా కోడలు రైలునే నిలబెట్టింది!"

మర్నాడు పొద్దున కూడా భయం నాతోపాటే లేచింది. "రైలు ఆపినామె పోతాంది సూడు" అని వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే, భయాన్ని వెంటబెట్టుకునే తల ఎత్తుకుని డ్యూటీకి పోయాను.