ఎండ వైపు సీటు

కర్నూలులో బస్సెక్కగానే నేను ముందు చూసుకునేది నీడ ఎటువైపు ఉందని. ఆ రోజు ఆలస్యమై ఎండ వైపు కిటికీయే దొరికింది. నెత్తిన కర్చీఫ్ వేసుకుని విసుక్కుంటుంటే, అటువైపు నీడలో కూర్చున్న పెద్దాయన లేచొచ్చాడు. చంకలో డప్పు ఉంది.

"నా సీట్లో నీడుండాది, పోయి కూచోప్పా. ఈ ఎండ నాకు కావల్ల."

సంతోషంగా మారాను. ఆయన డప్పును ఒళ్లో పెట్టుకుని, దాని ముఖాన్ని ఎండకు తిప్పాడు.

"కడపలో కళాకారుల పండగుండాది. ఆ హాల్లో మంటేసి ఈ తప్పెట కాచుకోనీరు. పోయిన యేడు ఏసీ చల్లదనానికి తోలు మెత్తబడి శబ్దమే రాల్యా. మాకు వాయించేదే రాదనుకున్న్యారు జనం," అన్నాడు.

దారి పొడవునా వేలితో తట్టి చూసుకుంటూనే ఉన్నాడు. మైదుకూరు దాటాక బస్సు మలుపు తిరిగింది, ఎండ నా మీదికొచ్చింది. ఆయన నావైపు చూశాడు కానీ, మళ్లీ అడగడానికి మొహమాటపడ్డాడు. అప్పటికే నేను లేచి నిలబడ్డాను.

కడపలో దిగబోతూ ఒకే ఒక్క దెబ్బ వేశాడు. నిద్రపోతున్న వాళ్లంతా ఉలిక్కిపడి లేచారు. కండక్టరు కసురుకున్నాడు. ఆయన మాత్రం నావైపే చూస్తున్నాడు, ఎలా ఉందన్నట్టు.