అంపినాం

జమ్మలమడుగు బస్టాండులో పులివెందుల బస్సు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న నడివయసు ఆమె తన ఫోను నా చేతికిచ్చింది. మామగారు పోయి మూడు రోజులైందట. కువైట్‌లో ఉన్న భర్తకు సెలవు దొరకలేదట.

"గొంతుతో చెప్పబోతే ఏడుపొస్తాంది. నేను చెప్తా, నువ్వు రాయప్పా," అంది. "మీ నాయనను బాగా అంపినాం. ఊరంతా వచ్చినారు. నువ్వు రాలేదని కుమిలిపోవాకు."

నేను తెలుగు పంతుల్ని. పిల్లల నోటుపుస్తకాల్లో 'అంపినారు' కనబడితే ముప్పై ఏళ్లుగా ఎర్రసిరాతో కొట్టేసి 'పంపారు' అని దిద్దుతూ వచ్చినవాణ్ణి. నా వేళ్లు ఊరుకోలేదు. 'మీ తండ్రిగారి అంత్యక్రియలు సక్రమంగా జరిపించాము. విచారించవద్దు' అని టైపు చేసి, చదివి వినిపించాను.

ఆమె ఫోను వెనక్కి తీసుకుంది.

"పేపర్లో ఏసినట్టుండాది," అంది. మార్చనా అని అడిగేలోపే ప్రొద్దుటూరు బస్సొచ్చింది. "పోనీలేప్పా, చదువుకున్నోనివి," అంటూ పంపే మీట నొక్కేసి, సంచి ఎత్తుకుని పరుగెత్తింది.

రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం నిఘంటువు తిరగేస్తుంటే 'అంపు' అన్న ఆ మాట ఎదురైంది. పాత కావ్యాల్లో రాజులు దూతలను అంపుతారు. చుట్టాన్ని సాగనంపడంలోనూ, పెళ్లికూతురి అంపకాల్లోనూ ఉన్నది ఆ క్రియే. మా ఊరు లింగాలలో మా అమ్మ నన్ను బడికి అంపేది. ఊరిభాష అని నేను కొట్టేసింది దాన్నే.

కువైట్‌లో ఆ మనిషి ఫోను తెరిచి, మా ఇంట్లో ఇట్లా మాట్లాడేదెవరబ్బా అనుకుని ఉంటాడు.