మైకులో మామ పేరు

మొన్న అలిపిరిలో, తప్పిపోయిన ఒక ముసలాయన పేరు మైకులో చదువుతుంటే నాకు మా అత్త గుర్తొచ్చింది.

అత్త భర్త, మా మామ, యుద్ధవిమానం నడిపేవాడు. యుద్ధంలో ఒక పొద్దున వెళ్లిన విమానం తిరిగి రాలేదు. మనిషి జాడా తెలియలేదు. ఇంట్లో ఆయన మాటొస్తే "తప్పిపోయినాడు" అనేవాళ్లు. అత్త ఏటా కొండ మెట్లెక్కి మొక్కుకునేది. నాకు ఏడేళ్లప్పుడు నన్నూ వెంట తీసుకెళ్లింది.

పైకి చేరేసరికి అత్త కాళ్లు వాచిపోయాయి. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఎదురుగా ఒకాయన తప్పిపోయినవాళ్లను మైకులో పిలుస్తున్నాడు. పేరు విన్నవాళ్లు పరుగున వచ్చి తమవాళ్లను కలుసుకుంటున్నారు. ఇంత సులువా అనిపించి ఆయన దగ్గరికి వెళ్లాను.

"మా మామ తప్పిపోయినాడు. పేరు సుధాకర. మాది చిత్తూరు."

"ఏం గుడ్డలేసుకోనుండాడు పాపా?"

"నీలం చొక్కా. టోపీ కూడా ఉండాది." ఇంట్లో ఫొటోలో చూసిందే చెప్పాను.

ఆయన పిలిచాడు. "చిత్తూరు సుధాకర గారూ, ఎక్కడున్నా రండి. మీవాళ్లు ఇక్కడ ఎదురుచూస్తున్నారు."

అత్త ఉలిక్కిపడి లేచి, ఆ కాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది. అక్కడ నన్ను చూసి ఆగిపోయింది. కొడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఆయనతో మెల్లగా అంది:

"ఇంకొక తూరి పిలువప్పా."

ఆయన మళ్లీ పిలిచాడు. మేం చాలాసేపు నిలబడ్డాం. మామకు వినబడలేదేమో అనుకున్నాను. వెతకాల్సినవాళ్లంతా వెతకడం మానేసి అప్పటికే ఏళ్లయిందని, ఆయన్ను ఒకరు గట్టిగా పేరు పెట్టి పిలవగా అత్త ఎన్నాళ్లకో విన్నదని పెద్దయ్యాక నాకు అర్థమయ్యేసరికి అత్త లేదు.