తొక్కడం ఆపనివ్వని సైకిల్

చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు కూడా తిరుగుతూనే ఉండే సైకిల్ నాది. దాని వెనక పళ్ళచక్రం అరిగిపోతే ఇవాళ ఒంగోల్లో మస్తాన్ గారి సైకిల్ షాపుకెళ్ళాను. ఆయన డబ్బాలోంచి నాలుగు తీసి, ఒక్కోదాన్నీ గచ్చుకేసి కొట్టి, మోత విని, "ఇదండీ అసలైన ఉక్కు" అంటూ ఒకటి బిగించారు. నేను వద్దంటున్నా వినకుండా తనే ఎక్కి బయల్దేరారు. కాస్త పల్లం రాగానే అలవాటుకొద్దీ తొక్కడం ఆపబోయారు. సైకిల్ ఊరుకుంటుందా? ఎగరేసి రోడ్డు పక్కన పత్తి కుక్కిన గోనె బోరేల మీద పడేసింది.

పరిగెత్తుకెళ్ళాను. "దెబ్బ తగిలిందాండీ?"

ఆయన లేచి దూది దులుపుకుంటూ, "మా అల్లుడి సైకిల్‌కీ ఇలాంటిదే వేస్తానండీ. పనికెళ్ళేటప్పుడు దారిలో ఇంకెక్కడా ఆగడు" అన్నారు.

మీలో ఎవరి మామగారికైనా ఒంగోల్లో సైకిల్ షాపుందా? ఉంటే రేపు నడిచి వెళ్ళండి.