టిక్కుటిక్కు మామ కుడి కన్ను

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధిలో చిన్నా పెద్దా అందరూ టిక్కుటిక్కు మామ అనేవారు. తలుపంత వెడల్పు కొట్టు. కుడి కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తేవాడు కాదు. ఆ కొట్లో ఒక్కటే శాసనం: సవ్యంగా నడుస్తున్న గడియారాన్ని విప్పకూడదు. శుభ్రం చేసిపెట్టమని ఎవరైనా తెస్తే కసిరి పంపేవాడు. "నడుస్తోందిగా! దాని మానాన దాన్ని వదిలెయ్."

ఆ బుద్ధే కొంప ముంచింది.

మామకి హెచ్ఐవీ ఉందని కొన్నేళ్ల కిందటే తేలింది. ఎలా వచ్చిందన్న కూపీ మనకెందుకులే. అప్పట్లో మనిషి పుల్లలా అయిపోయాడు. ఆగని విరేచనాలు, నోట్లో తెల్లపూత. రోజూ మాత్రలు మొదలెట్టాక మళ్ళీ కండ పట్టాడు. ఇంకేం, బాగా నడుస్తున్న ఒంటిని మందులతో కెలకడం దేనికనుకుని, ఇంట్లో పెళ్ళాం, మన అత్తకి కూడా చెప్పకుండా మానేశాడు. చాన్నాళ్లు ఏమీ కాలేదు. లోలోపల గర్వపడ్డాడు కూడా, పిచ్చి మారాజు!

ఆ తర్వాత కుడి కంటి ముందు నల్లటి నలకలు తేలసాగాయి. భూతద్దం తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. నలక అద్దంలో లేదు. కొన్ని వారాలు తిరిగేసరికి ఆ కంటికి చీకటే మిగిలింది.

డాక్టరమ్మ కన్ను చూసి, రక్తం పరీక్ష చేయించి, "మాత్రలు ఎప్పుడు మానేశారు?" అంది. అత్త గిరుక్కున మొగుడి వైపు తిరిగింది.

"మందు ఆ వైరస్‌ని చంపదండీ, అణిచిపెడుతుందంతే. అది కణాల్లో దాక్కునే ఉంటుంది. మీరు మానేశాక మళ్ళీ పెరిగి, రోగాల్ని అడ్డుకునే కణాల్నే నాశనం చేసింది. చాలామంది ఒంట్లో నోరెత్తకుండా పడుండే ఇంకో క్రిమి, కాపలా లేదని మీ కంటి వెనక పొరలోకి జొరబడింది."

"మళ్ళీ వేసుకుంటేనో?" అన్నాడు మామ.

"ఒంట్లో బలం వస్తుంది. ఎడమ కన్ను కాపాడుకుందాం. కుడి కంటి చూపు మాత్రం రాదు."

"బాగానే నడిచిందమ్మా ఒళ్లు," అన్నాడు మామ నీరసంగా.

"ఆ మాత్రలే నడిపించాయి."

బయటికొచ్చాక అత్త మెట్ల మీదే కూలబడింది. "నాతో ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేదయ్యా!" అని భోరుమంది.

కొన్నాళ్లకి కొట్టు తెరిస్తే, ఒక గిరాకీ ఆగిపోయిన చేతిగడియారం తెచ్చాడు. మామ భూతద్దాన్ని అలవాటులేని ఎడమ కంటికి తగిలించుకుని విప్పాడు. ఎంత గురిపెట్టినా పట్టకారు కొన మర మీద కాక పక్కనే పడుతోంది.

"ఎప్పుడు రమ్మంటావు మామా?"

మామ మూత బిగించి, గడియారాన్ని అతని చేతిలో పెట్టాడు.

"ఇంకో కొట్టు చూసుకో నాయనా."