సున్నపు బట్టీ పాఠం

సాజిదా బడికి రావడం మానేసిందని తెలిసినప్పటి నుంచి జ్ఞానమ్మ టీచరుకు మనసు మనసులో లేదు. తప్పు తన పాఠంలోనే ఉందని ఆమెకు తెలుసు.

భూమి వేడెక్కుతోందని ఆ ఏడాది పేపర్లలో కొత్తగా రాస్తున్నారు. సముద్రం మధ్య ఒక కొండమీద ముప్పై ఏళ్లుగా గాలిని కొలుస్తున్నారనీ, బొగ్గుపులుసు వాయువు ఏటేటా పెరుగుతోందనీ తొమ్మిదో తరగతికి చెప్పింది. రెండు సీసాలు ఎండలో పెట్టి, ఆ వాయువు నింపిన సీసా ఎక్కువ వేడెక్కడం చూపించింది. ఎక్కణ్ణించి వస్తుందని పిల్లలడిగితే, కిటికీలోంచి కనబడే సాజిదా నాయన మౌలాలీ సున్నపు బట్టీని చూపించింది. సున్నపురాయి కాలినా వస్తుంది, బొగ్గు కాలినా వస్తుంది అంది.

అసలే వానల్లేని ఏడు. పిల్లలు రెంటినీ ముడిపెట్టేశారు. "మీ నాయన బట్టీ ఆర్పితే గాని మా మిరపచేను బతకదు" అని ఏలియా సాజిదాను ఎత్తిపొడిచాడు. ఆ మాట ఊరంతా పాకింది.

సరైన మాట నోటికివ్వమని దారి పొడుగునా ప్రభువును అడుక్కుంటూ జ్ఞానమ్మ మౌలాలీ ఇంటికి వెళ్లింది. అతని భార్య జాన్‌బీ కోపంగానే ఉన్నా, కొంగుతో స్టూలు తుడిచి, చల్లటి నీళ్లిచ్చింది.

"ఎండనబడి వచ్చారు. ముందు తాగండి."

మౌలాలీ గడపమీద కూర్చున్నాడు. "బడి మానిపిచ్చింది నేను కాదు టీచరమ్మా. అదే రానంటంది. నాయనా, నువ్వు పాపం చేత్తన్నావా అనడిగింది. ఏం జెప్పాల?"

నీ బట్టీకీ దీనికీ సంబంధం లేదని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నీ పొగా అందులో ఉంది అన్నా. లేదంటే అబద్ధం. కానీ దూరదేశాల్లో వందేళ్లుగా కాలుస్తున్న బొగ్గు ముందు నీదెంత? నా పొయ్యి పొగా ఉంది. ఈ ఏడు వాన నీ వల్లే పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేరు."

"మీరెక్కొచ్చే బస్సో? మా బట్టీని మించి కక్కుద్ది" అన్నాడు మౌలాలీ.

"అదీ ఉంది."

"ముందే జెప్పకపోయారా, అదేదో."

"చెప్పలా. ఎదురుగా కనబడేదే చూపించా."

తలుపు చాటునుంచి సాజిదా ఇవతలికి వచ్చింది. "ఇదంతా క్లాసులో చెప్తారా టీచర్? నేనుండగా?"

"నువ్వొస్తేనే చెప్తా."

మర్నాడు సాజిదా వచ్చింది. పొద్దున ఎవరింట్లో ఏం కాల్చారో ఒక్కొక్కరినీ చెప్పమంది జ్ఞానమ్మ. పిడకలన్నారు, కిరసనాయిలన్నారు. ఏలియా తలొంచుకుని పత్తికట్టె అన్నాడు.

"మా ఇంట్లో రాయి, బొగ్గు" అంది సాజిదా. ఎవరూ నవ్వలేదు.

"మరి దీన్ని ఆపేదెట్టా టీచర్?" అన్నాడు ఏలియా.

జ్ఞానమ్మ తెలిసినంత చెప్పింది. తెలియనిది తెలియదంది. సాయంత్రం బస్సులో ఎవరో పెద్దాయన జరిగి చోటిచ్చినా, ఆ ప్రశ్న ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.