సమ్మె ఏడు పేర్చిన ఒంటి బతుకమ్మ

కోచింగ్ క్లాసుల అడుగుపెట్టిన మొదటి రోజు పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నరు. నేను సీదా వెనక బెంచీకి పోయి కూసున్న. అంతే, క్లాసంతా ఒక్కటే నవ్వుడు. నాకైతే నవ్వు రాలే. ముప్పై దాటినంక ఎంసెట్ రాసుడంటే ఏందో ఆ పొద్దు తెలిసింది.

అప్పుడు నేను ఎల్బీనగర్ల ఒక చిన్న ప్రైవేటు దవాఖానల నర్సును. మాది పోచంపల్లి దిక్కు మగ్గాల ఊరు. డాక్టర్ కావాలన్నది నా చిన్నప్పటి పంతం. ఇంటర్ల ర్యాంకు రాలే. అంతల నాయిన పోయిండు. నర్సింగ్ చేసి, కొలువుల చేరి, తమ్ముండ్లను ఒక దరికి చేర్చిన. వాళ్ల పెండ్లిళ్లయి పిల్లలు పుట్టినా నా పంతం మాత్రం ఎక్కడిదక్కడనే ఉన్నది. డ్యూటీ దిగి దిల్‌సుఖ్‌నగర్ పోయి, నాకు సగం ఈడు పిల్లల నడుమ కూసొని బాటనీ చదివేదాన్ని. వాళ్లు నన్ను మొదలు మేడం అన్నరు, తర్వాత ఆంటీ అన్నరు. అక్కా అన్నోళ్లు ఒక్కరు లేరు.

ఇంకో దారి కూడా ఉండె. చైనా. మా కోచింగ్ సెంటర్ కిందనే విదేశీ చదువుల ఆఫీసు. అక్కడ కూసున్నాయన తేనె పూసినట్టు మాట్లాడేటోడు. "అక్కడ ఎంట్రెన్సు లేదు మేడం, వయసు అడగరు. దసరా లోపల మాట చెప్పుండ్రి, బ్యాచ్ ఎల్లిపోతది" అని ఒకటే ఫోన్లు. దవాఖానల నాతోటి నర్సు దానికి ఉల్టా. "పిచ్చిదానా, రేపో మాపో తెలంగాణ ఒస్తది, సీట్లన్నీ మనయే. గిప్పుడు పరాయి దేశం ఎందుకే?" అనేది.

"ఒచ్చే ఏడు, ఒచ్చే ఏడు అనుకుంట కూసుంటే నా జుట్టు తెల్లబడ్తది. అప్పుడు సీటు తీస్కొని ఏం చెయ్యాలె, నెత్తిన పెట్టుకోవాల్నా?" అని ఆమె మీద గయ్యిమన్న. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ "నీ ఇష్టం బిడ్డా" అన్నది. తమ్ముండ్లు "నీ ఇష్టం అక్కా" అన్నరు. అందరూ నా మంచి కోరినోళ్లే. కానీ ఒద్దని కొట్లాడేటోళ్లు ఒక్కరన్న ఉండాలె గదా మనిషికి!

ఉన్నమాట చెప్తున్న, నా మనసు చైనా దిక్కే మొగ్గింది. చదువు కోసం కాదు. అక్కడ ఒంటరిగ ఉంటే దానికొక కారణం ఉంటది. భాష రాదు, మనుషులు తెల్వరు, పరాయి దేశం అనుకోవచ్చు. ఇక్కడ, నా భాష మాట్లాడే ఊర్ల, రోజూ అవే ఆటోలల్ల పొయ్యొచ్చుకుంట, పండుగ పూట కూడా ఒక్కదాన్నే అన్నం వండుకుంటున్నందుకు ఏం కారణం చెప్పుకోను? దవాఖానల పేషెంట్లను రోజంతా పలకరిస్త. గదికొచ్చి తాళం తీస్తే నన్ను పలకరించేటిది ఫ్యాన్ చప్పుడే.

గది కొత్తపేటల, మేడ మీద. కింద ఇంటి ఓనరమ్మ. గుంటూరు దిక్కు మనిషి. భర్త పోయి చాన ఏండ్లయింది, పిల్లలు లేరు. రోడ్డు మీద నినాదాలు వినవడితే చాలు, లేచి గేటు గొళ్లెం పెట్టేది. పగటిపూట కూడా కిటికీలు మూసుకునేది. మా ఇద్దరి మధ్య మాటలంటే మోటారు మాటలే. "అమ్మాయ్, నీళ్ళు పట్టుకున్నావా?" "పట్టిన ఆంటీ." అంతే.

ఆ ఏడు బతుకమ్మ పండుగ తెలంగాణ కోసం చేస్తున్న సమ్మె నడుమ పడ్డది. బస్సులు బందు, బడులు బందు, మా కోచింగ్ కూడా బందు. దవాఖానల సగం మంది డ్యూటీకి రాలేకపోతున్నరు, సెలవు అడిగితే డాక్టరమ్మ చేతులు జోడించింది. ఊరికి పోవుడు కాలే. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున డ్యూటీ చేసి, మార్కెట్ల తంగేడు, గునుగు, బంతి ఏరుకొచ్చి మేడ మెట్ల మీద కూసొని పేర్చుడు మొదలుపెట్టిన. ఓనరమ్మ ఒచ్చి నిలబడ్డది.

"ఈ తెల్లపూలకి రంగులు మీరే అద్దుతారా? చైనా వెళ్తావంటగా, నిజమేనా? ఎప్పుడు?"

"ఆంటీ, పొద్దు గూకుతున్నది. జర నన్ను పేర్చుకోనియ్యి" అన్న, ముఖం కూడా చూడకుండ. ఆమె లోపలికి పోయింది.

మా దిక్కు ఎవరింట్లనన్న సరే, పెద్ద బతుకమ్మ పేర్చినంక మిగిలిన పూలతోని పక్కకు ఒక చిన్నది పేరుస్తరు. దాన్ని తోడు బతుకమ్మ అంటరు. అమ్మవారిని నీళ్లకు ఒంటిగ సాగనంపరు. నాకు తెల్వక కాదు. తెలిసే పేర్వలే. ఒక్కదాన్నే గదా, నాకెందుకు తోడు అనుకున్న. మిగిలిన పూలు మెట్ల మీదనే ఇడిచి తాంబాలం ఎత్తుకొని పోయిన.

బస్సుల్లేని విజయవాడ రోడ్డు మీద ఆడోళ్లంతా బతుకమ్మలు పెట్టి గుండ్రంగ తిరుగుతున్నరు. నాది కూడా నడుమ పెట్టిన. ఒక పెద్దమ్మ చప్పట్లు ఆపి, "ఏందమ్మా, ఒక్కటే తెచ్చినవ్? తోడేది?" అన్నది.

"నేనొక్కదాన్నే పెద్దమ్మా" అన్న.

"నువ్వొక్కదానివైతే అమ్మ కూడా ఒక్కతే పోవాల్నా? ఇదేం చోద్యమే!"

తిట్టు కాదది, మామూలుగనే అన్నది. కానీ నాకు కడుపుల నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. అంతమంది నడుమ, నడి రోడ్డు మీద, కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డ.

అప్పుడే వెనకనుంచి "అమ్మాయ్" అని పిలుపు. మా ఓనరమ్మ! గేటు దాటని మనిషి, స్టీలు పళ్ళెంల చిన్న బతుకమ్మ పట్టుకొని నిలబడ్డది.

"మెట్ల మీద పూలు మిగిలిపోయాయమ్మా. మా గొబ్బెమ్మల్ని కూడా ఒంటరిగా పెట్టం. నీదొక్కటే వెళ్తుంటే మనసొప్పలేదు. పనికొస్తుందేమో చూడు."

ఆ ఆంధ్ర మాట తీరు విని చుట్టూ ఉన్నోళ్లు పాట ఆపి ఆమె దిక్కు తిరిగిండ్రు. పెద్దమ్మ ఆ పళ్ళెం దిక్కు చూసింది. "ఒక దిక్కు ఒరిగింది గానీ, పెట్టు పెట్టు. జర జరుగుండ్రే, ఆమెకు కూడా జాగియ్యుండ్రి!" అన్నది. ఆంటీ నా పక్కన తిరిగింది. చప్పట్లు ఒక్కటి కూడా సరిగ్గ కొట్టలే.

ఇంటికి నడుస్తుంటె ఆమె అన్నది: "పైన నీ అడుగుల చప్పుడు వినపడితేనే నాకు నిద్ర పడుతుంది. వెళ్ళొద్దని చెప్పడానికి నేనెవర్ని? కానీ వెళ్ళకు."

ఒద్దని చెప్పే మనిషి దొరికింది నాకు. తెల్లారి చైనా ఆయనకు ఫోన్ చేసి రానని చెప్పిన. "అదృష్టాన్ని కాలదన్నుకుంటున్నరు మేడం" అన్నడు. "నా కాలు, నా ఇష్టం" అని పెట్టేసిన.

మరుసటేడు సీటు రాలే. ఆపై ఏడు ఒచ్చింది, పట్నం శివారు కాలేజీల. ముందుగాల ఆంటీకే చెప్పిన. నా రెండు చెంపలు పట్టుకొని "డాక్టరమ్మా, డాక్టరమ్మా" అని గల్లీ అంతా వినవడేటట్టు పిలిచింది. ఆ తర్వాత ఎండకాలం తెలంగాణ ఒచ్చింది. నేను రోడ్డు మీద ఎగిరి, గులాల్ తోని ఇంటికొచ్చేసరికి ఆంటీ సామాను కట్టుకుంటున్నది. భయపడి కాదట. మోకాళ్లు పని చేస్తలేవట, గుంటూరుల అక్క రమ్మన్నదట. ఇల్లు అమ్మేసింది. నన్ను పోవద్దన్న మనిషి తాను పోయింది. కోపమొచ్చింది నాకు. ఇప్పటికి కూడా ఉన్నది.

ఇప్పుడు నన్ను అందరూ డాక్టరమ్మ అంటరు. ఉండేది మాత్రం ఒక్కదాన్నే. సద్దుల నాడు అందరి లెక్క పెద్దది ముందు పేర్వను. చిన్నదే ముందు పేరుస్త. ఆమె చేసినట్టు ఒక దిక్కు ఒరగాలని చూస్త. ఎంత చేసినా, పాడు చేతులు, సక్కగనే ఒస్తది.